చిన్న బ్రూవరీల చరిత్ర: నాణ్యత, వ్యాపారం (శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్ బ్రూవరీ, 1896–2023)

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.
• బీరు ఏ కారణాల వల్ల చెడిపోతుంది, దానిని అరికట్టే శాస్త్రం ఎక్కడ పుట్టింది?
• అమెరికాలో చిన్న బ్రూవరీలు ఎందుకు అంతరించాయి, మళ్లీ ఎలా తలెత్తాయి?
• సరుకు నాణ్యతకూ మూలధనానికీ ఉన్న సంబంధం ఏమిటి?
• ఒక సంస్థ పతనానికి కారణాలు వెదికేటప్పుడు చరిత్ర విద్యార్థి ఏ జాగ్రత్త తీసుకోవాలి?

1. పరిచయం

పారిశ్రామిక చరిత్ర అనగానే మనకు బట్టల మిల్లులు, ఉక్కు కర్మాగారాలు, రైల్వేలు గుర్తుకు వస్తాయి. బీరు తయారీని పాఠ్యాంశంగా చూసి మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. అందుకే ముందుగా ఒక మాట. ఈ పాఠం మద్యపానాన్ని సమర్థించడానికి రాసినది కాదు. దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం గురించి, 1995లో వచ్చిన మద్యనిషేధం గురించి మీరు వేరే చోట చదివే ఉంటారు. అక్కడ మన దృష్టి సమాజం మీద ఉంటుంది. ఇక్కడ మన దృష్టి ఉత్పత్తి మీద, అంటే ఒక చిన్న పరిశ్రమ బతకడం, చితికిపోవడం ఎలా జరుగుతుందన్న దాని మీద ఉంటుంది.

ఈ ప్రశ్నకు బీరు మంచి ఉదాహరణ. అది సులభంగా చెడిపోయే సరుకు. అది చెడిపోయిన సంగతి తయారైన వారాల తరువాత గాని బయటపడకపోవచ్చు. పైగా దానిమీద పన్ను, అమ్మకంమీద ఆంక్షలు ఎక్కువ. చిన్న డెయిరీ, బేకరీ, పచ్చళ్ల వ్యాపారం ఎదుర్కొనే సమస్యలన్నీ ఇందులో ఒకేచోట కనిపిస్తాయి. మీలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ, కొందరు సొంత వ్యాపారం నడుపుకుంటూ ఈ చదువు చదువుతున్నారు. కాబట్టి ఈ పాఠంలోని ప్రశ్న మీకు పరాయిది కాదు. ఆ ప్రశ్న ఇది: ఒక విడత సరుకు చెడిపోయినప్పుడు దానిని పారబోయడానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు?

పెద్ద కంపెనీల కంటే చాలా తక్కువ పరిమాణంలో, యజమాని ప్రత్యక్ష పర్యవేక్షణలో, తనదైన రుచితో బీరు తయారుచేసే సంస్థను క్రాఫ్ట్ బ్రూవరీ అంటారు. ఈ పేరు తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చింది. ఆ ఉద్యమానికి ఆరంభంగా చరిత్రకారులు ఎక్కువగా చూపేది కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని యాంకర్ బ్రూవరీని. దానిని ప్రధాన ఉదాహరణగా తీసుకుని, పక్కన మరో రెండు సంస్థలను పోల్చి చూద్దాం.

2. బీరు తయారీ, చెడిపోయే తీరు

తాటికల్లు సంగతి మీకు తెలిసిందే. చెట్టు నుంచి దించిన తియ్యటి ద్రవం గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ వల్ల గంటల్లోనే పులవడం మొదలవుతుంది. పొద్దున్న దించినది సాయంత్రానికి రుచి మారిపోతుంది. మరునాటికి పుల్లబడుతుంది. గీత కార్మికుడు దానిని ఆ రోజే, ఆ ఊళ్లోనే అమ్ముకోవాలి. అంటే కల్లు విషయంలో ప్రకృతే మార్కెట్ హద్దును నిర్ణయిస్తుంది.

బీరుకు ముడిసరుకు ధాన్యం. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్ట్ తయారవుతుంది. దానిని నలగ్గొట్టి వేడినీటిలో ఉంచితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి రసాన్ని హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు. హాప్స్ వల్ల చేదు, వాసన వస్తాయి. కొన్ని రకాల బాక్టీరియాను అవి అడ్డుకుంటాయి కూడా. రసాన్ని చల్లార్చి ఈస్ట్ కలిపితే కిణ్వనం జరిగి, చక్కెర ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది.

మరిగినంతసేపు రసానికి సూక్ష్మజీవుల భయం లేదు. ప్రమాదమంతా చల్లారిన తరువాతే. గొట్టం మలుపులో, మూత అంచున, సరిగా కడగని తొట్టి పగుళ్లలో దాగిన లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా రసంలో చేరితే బీరు పుల్లబడుతుంది. కొన్ని రకాలు చేరితే వెన్న వాసన వస్తుంది. సీసాలో గాలి మిగిలితే కొన్ని వారాలకు తడి అట్టముక్క వాసన వస్తుంది. ఎండ తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి దుర్వాసన పుడుతుంది. బీరు సీసాలు ముదురు గోధుమరంగులో ఉండడానికి కారణం ఇదే. ఇక వేడి తగిలితే ఈ మార్పులన్నీ త్వరపడతాయి.

దీనినిబట్టి మీరు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, బ్రూవరీలో పనిలో ఎక్కువభాగం వంట కాదు, కడగడం. రెండు, బ్రూవరీ గేటు దాటిన తరువాత కూడా సరుకు చెడిపోవచ్చు. దుకాణంలో ఎండ తగిలేచోట మూడు నెలలు నిలవ ఉన్న సీసా తెరిచిన కొనుగోలుదారుడు దుకాణదారుని తప్పుపట్టడు, సీసామీద పేరున్నవారినే తప్పుపడతాడు.

3. నాణ్యత శాస్త్రం ఎక్కడ పుట్టింది?

బీరు ఎందుకు చెడిపోతుందో 19వ శతాబ్దం దాకా ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1871లో లూయీ పాశ్చర్ లండన్‌లోని విట్‌బ్రెడ్ బ్రూవరీని సందర్శించి, అక్కడి ఈస్ట్‌ను సూక్ష్మదర్శినిలో చూసి, అందులో ఇతర సూక్ష్మజీవులు కలిశాయని చూపించాడు. వారం తిరగకముందే ఆ బ్రూవరీవారు సొంతంగా ఒక సూక్ష్మదర్శిని కొనుక్కున్నారు. ఈ పరిశోధనలన్నింటినీ పాశ్చర్ 1876లో బీరుపై గ్రంథంగా వెలువరించాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచే పద్ధతి కనుగొన్నాడు. ఆమ్లత్వాన్ని కొలవడానికి మనం నేటికీ వాడే పీహెచ్ కొలమానం కూడా అదే ప్రయోగశాలలో 1909లో సోరెన్‌సెన్ రూపొందించినదే.

గణాంకశాస్త్రం చదివినవారికి స్టూడెంట్ టి-పరీక్ష తెలిసే ఉంటుంది. ‘స్టూడెంట్’ అనేది విలియం గాసెట్ కలంపేరు. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. కొద్దిపాటి నమూనాలతో బార్లీ, హాప్స్ నాణ్యతను ఎంతవరకు నమ్మకంగా అంచనా వేయవచ్చన్న సమస్య నుంచి 1908 నాటి ఆ పరిశోధన పుట్టింది.

పాశ్చర్ చూపిన లోపాన్ని సరిదిద్దుకోవడానికి సూక్ష్మదర్శిని కొనుక్కున్న విట్‌బ్రెడ్, హాన్సెన్‌కు ప్రయోగశాల సమకూర్చిన కార్ల్స్‌బర్గ్, గాసెట్‌కు జీతమిచ్చిన గిన్నిస్ మూడూ ఆనాటి భారీ సంస్థలే. నాణ్యతను అదుపుచేసే శాస్త్రం పెద్ద పెట్టుబడి నీడలో పుట్టింది. తయారుచేసే ప్రతి విడత ఒకే రుచితో ఉండాలన్న అపేక్షను కొనుగోలుదారునికి నేర్పింది కూడా ఆ సంస్థలే. తరువాతి కాలపు చిన్న బ్రూవరీకి ఆ అపేక్ష వారసత్వంగా వచ్చింది గాని, దానిని నెరవేర్చే ప్రయోగశాల రాలేదు.

4. అమెరికాలో చిన్న బ్రూవరీలు అంతరించిన విధం

1873లో అమెరికాలో 4,131 బ్రూవరీలు ఉండేవి. మన కల్లు దుకాణాల్లాగే అవి చాలావరకు తమ ఊరికీ, చుట్టుపక్కలకూ పరిమితమైనవి. రైలుమార్గాలు, కృత్రిమంగా చల్లబరిచే యంత్రాలు, పాశ్చరీకరణ వచ్చాక బీరు వందల మైళ్లు ప్రయాణించగలిగింది. సరుకు చెడకుండా దూరం పంపగలిగినవాడు ఎదిగాడు. పంపలేనివాడి మార్కెట్ కుంచించుకుపోయింది.

1920 జనవరిలో దేశవ్యాప్త మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1933 డిసెంబరులో అది రద్దయ్యేనాటికి చాలా సంస్థలు శాశ్వతంగా మూతపడ్డాయి. తరువాత ఏర్పడిన చట్టాల ప్రకారం ఎక్కువ రాష్ట్రాల్లో తయారీదారుడు టోకు వ్యాపారికి, టోకు వ్యాపారి చిల్లర దుకాణానికి అమ్మాలి. ఈ మూడంచెల విధానంలో టోకు వ్యాపారి వాకిలిలాంటివాడు. పెద్ద కంపెనీ సరుకుతో లారీ నింపుకునే వ్యాపారికి పది పీపాల చిన్న తయారీదారుడితో పనేముంటుంది? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే టోకు వ్యాపారిగా ఉండడం మీకు తెలిసిందే. రూపం వేరైనా, ఉత్పత్తిదారునికీ కొనుగోలుదారునికీ మధ్య ఒక వాకిలి ఉండడం రెండుచోట్లా సమానమే.

1935లో డబ్బా బీరు, తరువాత టెలివిజన్ ప్రకటనలు వచ్చాయి. 1970ల చివరినాటికి అమెరికా మొత్తంమీద వంద బ్రూవరీలు కూడా మిగల్లేదు.

5. యాంకర్ బ్రూవరీ: 1965–1975

యాంకర్ అనే పేరు 1896లో ఏర్పడింది. 1906 భూకంపం తరువాత చెలరేగిన మంటల్లో ఆ బ్రూవరీ కాలిపోయింది. మళ్లీ నిలబడింది. మద్యనిషేధంలో మూతపడింది. 1933లో మళ్లీ తెరుచుకుంది. 1959లో మరోసారి మూతపడి, మరుసటి ఏడాది మరో యజమాని చేతిలో ప్రాణం పోసుకుంది. అక్కడ తయారయ్యేది ‘స్టీమ్ బీర్’. మామూలుగా చల్లని వాతావరణంలో పనిచేసే లాగర్ ఈస్ట్‌ను, మంచుగడ్డలు దొరకని కాలంలో, శాన్‌ఫ్రాన్సిస్కో చల్లగాలికి వెడల్పైన లోతులేని తొట్లలో పులియబెట్టడం ఈ పద్ధతి విశేషం.

1965లో ఈ బ్రూవరీ మూసివేత అంచున ఉంది. పరికరాలు పాతబడ్డాయి. శుభ్రత లోపించింది. బీరు తరచుగా పుల్లబడేది. ఆ సమయంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఫ్రిట్జ్ మేటాగ్ అనే యువకుడు తాను ఇష్టంగా తాగే బీరు తయారయ్యే చోటు మూతపడబోతోందని విని, చూడడానికి వెళ్లి, కొద్దివేల డాలర్లకే 51 శాతం వాటా కొన్నాడు. 1969లో పూర్తి యజమాని అయ్యాడు. బట్టలు ఉతికే యంత్రాలకు పేరుపొందిన మేటాగ్ కుటుంబం వారసుడు ఇతను. ఈ వివరాన్ని గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అవసరమవుతుంది.

మేటాగ్ ముందుగా ప్రకటనలమీద ఖర్చుపెట్టలేదు. సూక్ష్మదర్శిని సంపాదించి ఈస్ట్‌ను పరిశీలించడం నేర్చుకున్నాడు. పాత పరికరాలను ఒక్కొక్కటిగా మార్చాడు. చౌక చక్కెరలను మానేసి పూర్తిగా మాల్ట్‌తోనే బీరు కాయించాడు. 1971లో సీసాల్లో నింపడం ప్రారంభించాడు. 1975లో హాప్స్ వాసన బలంగా ఉండే ‘లిబర్టీ ఏల్’ విడుదల చేశాడు. తరువాతి తరం అమెరికన్ క్రాఫ్ట్ బీరుకు అది ఒక నమూనా అయింది.

సంస్థకు మొదటిసారి లాభం వచ్చింది కూడా 1975లోనే. అంటే కొనుగోలుకూ లాభానికీ మధ్య పదేళ్లు గడిచాయి. నాణ్యత బాగుపడిన రోజే పేరు బాగుపడదు. ఒకసారి పుల్లటి బీరు తాగినవాడు మళ్లీ ఆ సీసా కొనడానికి సంవత్సరాలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో కూలీ, అద్దె, బార్లీ ఖర్చు ఆగవు.

దీనిని చిన్న లెక్కతో చూద్దాం. ఒక విడత తయారీకి 90 రూపాయలు ఖర్చయి, 100 రూపాయలకు అమ్ముడుపోతుందనుకోండి. పది విడతల్లో ఒకటి పుల్లబడింది. పారబోస్తే 90 రూపాయల నష్టం. మిగిలిన తొమ్మిదింటిమీద లాభం కూడా 90 రూపాయలే. మొత్తం లాభం సున్నా. పదింటిలో రెండు పారబోయాల్సివస్తే సంస్థ నష్టాల్లోకి జారుతుంది. అందుకే ‘ఈ ఒక్కసారికి అమ్మేద్దాం’ అనే ఆలోచన దుర్మార్గం వల్ల పుట్టదు, లెక్క వల్ల పుడుతుంది. అలా అమ్మిన ఒక్క విడత తరువాతి యాభై విడతల కొనుగోలుదారులను పోగొడుతుంది. కాని ఆ నష్టం ఈ నెల ఖాతాలో కనిపించదు.

మేటాగ్ పదేళ్లు ఓర్చుకోగలిగాడంటే, అతని పట్టుదల వెనుక కుటుంబ ధనం ఉందని మరచిపోకూడదు. పట్టుదల లేకపోతే ఆ ధనం వృథా అయ్యేదన్నదీ నిజమే. ధనం లేకపోతే ఆ పట్టుదల ఎన్నాళ్లు నిలిచేదన్నది మరో ప్రశ్న. దానికి సమాధానం తరువాతి ఉదాహరణలో దొరుకుతుంది.

6. న్యూ ఆల్బియన్: 1976–1982

జాక్ మెకాలిఫ్ అమెరికా నౌకాదళంలో పనిచేశాడు. స్కాట్లండ్‌లో ఉన్నప్పుడు అక్కడి బీరు రుచి మరిగి, ఇంట్లో తయారుచేయడం నేర్చుకున్నాడు. 1976లో ఇద్దరు మహిళల భాగస్వామ్యంతో కాలిఫోర్నియాలోని సోనోమాలో న్యూ ఆల్బియన్ బ్రూవరీని స్థాపించాడు. మద్యనిషేధం తరువాత అమెరికాలో ఏమీ లేనిచోట కొత్తగా నిర్మించిన తొలి చిన్న బ్రూవరీల్లో ఇదొకటి. చిన్న పరిమాణానికి తగిన యంత్రాలు అప్పట్లో మార్కెట్లో దొరికేవి కావు. అతను పాత డ్రమ్ములను, పాల డెయిరీల్లో వాడిన సామగ్రిని కొని, తానే కోసి, అతికి బ్రూవరీ నిర్మించుకున్నాడు.

బీరుకు మంచి పేరు వచ్చింది. పత్రికలు రాశాయి. దూరప్రాంతాల నుంచి చూడడానికి వచ్చేవారు. అయినా 1982లో సంస్థ మూతపడింది. కారణం పరిమాణంలో ఉంది. అక్కడ ఒక విడతకు తయారయ్యేది ఒకటిన్నర బ్యారెల్, అంటే దాదాపు 170 లీటర్లు. ఆ 170 లీటర్లకు కూడా పొయ్యి వెలిగించాలి, తొట్లు కడగాలి, రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. 1,700 లీటర్లకైనా దాదాపు అంతే శ్రమ. రోజు కూలీ, అద్దె కలిపి 5,000 రూపాయలనుకుంటే మొదటి సందర్భంలో లీటరుకు 29 రూపాయలు పడుతుంది. రెండో సందర్భంలో 3 రూపాయలకు మించదు. అర్థశాస్త్రంలో మీరు చదివిన భారీ తరహా ఉత్పత్తి ఆదాలు అనే భావనకు ఇది ప్రత్యక్ష రూపం.

శుభ్రతకు కూడా ఇది వర్తిస్తుంది. తొట్టి పెద్దదయ్యేకొద్దీ దానిలో పట్టే ద్రవం పెరిగినంతగా దాని లోపలి గోడ వైశాల్యం పెరగదు. కాబట్టి లీటరుకు కడగవలసిన గోడ చిన్న తొట్టిలోనే ఎక్కువ. నాణ్యత కాపాడుకోవడానికి చిన్న తయారీదారుడు పెద్దవాడికంటే ఎక్కువ శ్రమపడాలి.

మెకాలిఫ్‌కు ఈ విషయం తెలియక కాదు. విస్తరించడానికి పెట్టుబడి కోసం ప్రయత్నించాడు. అటువంటి వ్యాపారం ఒకటి ఉందని కూడా ఎరుగని ఆనాటి బ్యాంకులు, పెట్టుబడిదారులు ముందుకు రాలేదు. యాంకర్ చెడ్డ బీరు వల్ల మునగబోయి ధనంతో తేరుకుంది. న్యూ ఆల్బియన్ మంచి బీరుతో ఉండి ధనం లేక మునిగింది.

7. సియెర్రా నెవాడా, మారిన చట్టాలు

కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసి అనే ఇద్దరు యువకులు న్యూ ఆల్బియన్‌ను స్వయంగా చూసి వచ్చారు. ఆ పరిమాణంలో బతకడం కష్టమని గ్రహించి, ఉత్తర కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో దానికి అనేక రెట్లు పెద్దదైన బ్రూవరీని నిర్మించారు. వారి సామగ్రి కూడా పాత డెయిరీ తొట్లే. పెట్టుబడి స్నేహితులు, బంధువుల నుంచి పోగుచేసినది. 1980 నవంబర్ 15న మొదటి విడత కాచారు.

తమ ప్రధాన సరుకుగా భావించిన ‘పేల్ ఏల్’ తయారీలో వారికి విడత విడతకూ రుచి మారిపోయింది. తాగడానికి పనికిరానిదేమీ కాదు. అయినా ఒకేలా రాలేదన్న కారణంతో దాదాపు పది విడతలు కాలువలో పారబోశారు. పైన మనం వేసిన లెక్కతో పోల్చి చూడండి, అది ఎంత సాహసమో అర్థమవుతుంది. మేటాగ్‌లా వారికి కుటుంబ ధనం లేదు. కాని సరుకు మార్కెట్‌కు వెళ్లకముందే పారబోశారు. పేరు పోగొట్టుకుని తిరిగి సంపాదించుకోవలసిన అవసరం రాలేదు. ఆరంభంలోనే కొంత పెట్టుబడిని పారబోయడానికి కేటాయించుకున్నట్లయింది. తరువాత జర్మనీలోని పాత బ్రూవరీ నుంచి రాగి పాత్రలు తెచ్చుకుని విస్తరించారు. నేడు ఆ సంస్థ అమెరికాలోని పెద్ద క్రాఫ్ట్ బ్రూవరీల్లో ఒకటి.

వ్యక్తుల పట్టుదలతో పాటు చట్టాలు కూడా ఇక్కడ పనిచేశాయి. 1976లో అమెరికా ప్రభుత్వం చిన్న బ్రూవరీలకు మొదటి 60,000 బ్యారెళ్లపై ఎక్సైజ్ సుంకాన్ని బ్యారెల్‌కు 9 డాలర్ల నుంచి 7 డాలర్లకు తగ్గించింది. 1991లో పెద్దవారి సుంకం 18 డాలర్లకు పెరిగినా చిన్నవారి రాయితీ కొనసాగింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంట్లో సొంతానికి బీరు తయారుచేసుకోవడం నేరం కాకుండాపోయింది. తరువాతి దశాబ్దాల్లో బ్రూవరీలు పెట్టినవారిలో చాలామంది అలా ఇంట్లో పని నేర్చుకున్నవారే.

1982లో కాలిఫోర్నియా చట్టం తయారుచేసిన చోటే బీరు వడ్డించడానికి అనుమతించింది. టోకు వ్యాపారి అనే వాకిలిని దాటవలసిన పని తప్పింది. సరుకు తాజాగా, యజమాని కళ్లముందే అమ్ముడుపోయింది. న్యూ ఆల్బియన్ సామగ్రి, అక్కడ పనిచేసినవారు హాప్‌లాండ్‌లో 1983లో మొదలైన అలాంటి బ్రూవరీకే చేరడం గమనార్హం. అదే సరుకు, అదే మనుషులు, కాని చట్టం మారింది. నేడు హైదరాబాద్‌లో కనిపించే మైక్రోబ్రూవరీలది కూడా ఇదే పద్ధతి. తయారీ, వడ్డన ఒకే కప్పు కింద జరుగుతాయి.

8. యాంకర్ ముగింపు

1979లో యాంకర్ పొట్రెరో హిల్ ప్రాంతంలోని పెద్ద భవనానికి మారింది. గిరాకీ పెరిగింది. 1990ల ఆరంభంలో వాటాలు ప్రజలకు అమ్మి విస్తరించాలని మేటాగ్ ఆలోచించి, చివరకు విరమించుకున్నాడు. సంస్థ తన చేతికి అందేంత పరిమాణంలోనే ఉండాలన్నది అతని నిర్ణయం. పోటీగా వచ్చే కొత్తవారికి సలహాలు ఇచ్చి సహాయపడ్డాడు కూడా. 2010లో సంస్థను అమ్మేశాడు. 2017లో అది జపాన్‌కు చెందిన సపోరో కంపెనీ చేతికి వెళ్లింది. 2019లో కార్మికులు సంఘం ఏర్పాటు చేసుకున్నారు. 2021లో సీసాలమీది పాత చేతిగీత బొమ్మలను తీసేసి కొత్త రూపం ఇస్తే పాత అభిమానులు నొచ్చుకున్నారు. 2023 జూలైలో, ఆ పేరు పెట్టిన 127 ఏళ్లకు, మూసివేత ప్రకటన వెలువడింది. 2024లో చోబానీ పెరుగు సంస్థ వ్యవస్థాపకుడు హమ్దీ ఉలుకాయా దానిని కొన్నాడు.

ఈసారి మూతపడడానికి బీరు పుల్లబడడం కారణం కాదు. అమ్మకాల తగ్గుదల, కోవిడ్ కాలంలో హోటళ్లు మూతపడడం, ధరల పెరుగుదల, తీవ్రమైన పోటీ కారణాలుగా యాజమాన్యం చెప్పింది. ఒకప్పుడు వంద బ్రూవరీలు లేని దేశంలో ఇప్పుడు తొమ్మిది వేలకు పైగా ఉన్నాయి. యాంకర్ తెరిచిన బాటలో నడిచినవారే దాని పోటీదారులయ్యారు. 1975లో కొత్తగా అనిపించిన రుచి యాభై ఏళ్లకు సాధారణమైపోయింది.

9. చరిత్ర విద్యార్థిగా ఏమి గ్రహించాలి?

ఈ చరిత్రను ప్రచారంలో రెండు రకాలుగా చెబుతారు. చిత్తశుద్ధి ఉన్న చిన్నవాడు పెద్దవాడిని గెలిచాడనేది మొదటి కథ. విదేశీ కంపెనీ చేతిలో పడి ఒక మంచి సంస్థ నాశనమైందనేది రెండో కథ. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కాని రెండూ ఒకే కారణంతో అంతా వివరించాలని చూస్తాయి. చిత్తశుద్ధే చాలితే న్యూ ఆల్బియన్ 1982లో మూతపడేది కాదు. పెద్ద పెట్టుబడే నాశనకారణమైతే, 1965లో చేతిలో పెట్టుబడి లేనినాడే యాంకర్ మూసివేత అంచుకు ఎందుకు చేరిందో చెప్పలేం.

నా అభిప్రాయంలో ఈ మూడు సంస్థలను కలిపి చూస్తే తేలేది ఇది. నాణ్యత అనేది తయారీదారుని స్వభావంలో మాత్రమే ఉండే గుణం కాదు. చెడిన సరుకును పారబోయగల శక్తిలో అది ఉంటుంది. ఆ శక్తి ఒకరికి వారసత్వ ధనం నుంచి, మరొకరికి ముందుచూపుతో దాచిన పెట్టుబడి నుంచి, ఇంకొకరికి పన్ను రాయితీ నుంచి, నేరుగా అమ్ముకునే హక్కు నుంచి వస్తుంది. ఎక్కడినుంచీ రానివాడు మంచివాడైనా ఓడిపోతాడు, లేదా చెడ్డ సరుకు అమ్మడానికి సిద్ధపడతాడు. అయితే 2023 మరో పాఠం చెబుతుంది. నాణ్యత లేకుండా నిలబడలేం గాని, నాణ్యత ఒక్కటే నిలబెట్టదు.

మీ ఊళ్లో మూతపడిన డెయిరీ, బేకరీ, నూనె గానుగ ఏదైనా ఉంటే ఒకసారి గుర్తుచేసుకోండి. ‘సరుకు బాగుండేది కాదు, అందుకే పోయింది’ అని జనం అంటారు. సరుకు ఎప్పటినుంచి బాగోలేదు? చెడినదాన్ని పారబోసే స్తోమత యజమానికి అప్పటికి ఉందా? లేకపోతే ఎందుకు లేదు? ఈ మూడు ప్రశ్నలు అడిగితే ఊరి కబురు చరిత్రగా మారడం మొదలవుతుంది.

10. సారాంశం

బీరు చల్లారిన తరువాత సూక్ష్మజీవులు, గాలి, వెలుతురు, వేడి వల్ల చెడిపోతుంది. దీనిని అరికట్టే శాస్త్రం 1871–1909 మధ్య పెద్ద బ్రూవరీల ఆశ్రయంలో అభివృద్ధి చెందింది. రవాణా, చల్లబరిచే యంత్రాలు, మద్యనిషేధం, మూడంచెల అమ్మకం వల్ల అమెరికాలో చిన్న బ్రూవరీలు దాదాపు అంతరించాయి. యాంకర్ పదేళ్ల నష్టాలను ఓర్చి 1975లో లాభం చూసింది. న్యూ ఆల్బియన్ పరిమాణం చాలక 1982లో మూతపడింది. సియెర్రా నెవాడా తొలి విడతలను పారబోసి నిలకడ సాధించింది. 1976, 1978, 1982 చట్టాలు చిన్న సంస్థలకు ఊపిరినిచ్చాయి. 2023లో యాంకర్ మూసివేతకు నాణ్యతా లోపం కాక మార్కెట్ మార్పులు ప్రధాన కారణాలయ్యాయి.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ఈ కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో జవాబులు రాయండి.
1. బీరు చెడిపోవడానికి గల కారణాలు ఏవి?
2. మూడంచెల అమ్మకం విధానం చిన్న తయారీదారునికి ఎలా అడ్డంకి అయింది?
3. పాశ్చర్, హాన్సెన్, గాసెట్ కృషిని తెలపండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు ముప్పై పంక్తుల్లో జవాబులు రాయండి.
1. యాంకర్, న్యూ ఆల్బియన్, సియెర్రా నెవాడా సంస్థల అనుభవాలను పోల్చండి.
2. ‘నాణ్యత అనేది పారబోయగల శక్తిలో ఉంటుంది.’ ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీకు తెలిసిన ఒక స్థానిక చిన్న పరిశ్రమ ఉదాహరణతో చర్చించండి.